వీరబాబు ఎండు ఫోల్డరు

వీరబాబు గీసినదాన్ని చెరపడు. చచ్చినా చెరపడు. వంకర పోయిన గీత, పొరపాటున చెయ్యి తగిలి పడ్డ చుక్క, ముక్కు గీయబోతే వచ్చిన వంకాయ, ఏదైనా సరే, ఒకసారి అతని తెర మీద పుట్టిందంటే ఇక దానికి నూరేళ్ల ఆయుష్షు. రాజమండ్రిలో డిజిటల్ ఆర్ట్ కోర్సు చదివే పద్దెనిమిది మందికీ ఈ సంగతి తెలుసు. అందరికంటే ఎక్కువ తెలిసింది మాత్రం సుప్రియకి. మూడేళ్లూ ల్యాబులో ఆమెది ఎనిమిదో నంబరు కంప్యూటరు, అతనిది తొమ్మిది.

సుప్రియది మండపేట. వరి చేలున్న ఇల్లు. గట్టు మీద నడుస్తూ నడుస్తూ కలుపు మొక్క కనిపిస్తే వంగి పీకేసే వంశంలో పుట్టింది. ఆ గుణం ఆమె వేళ్లలోకి దిగింది. గీత నచ్చలేదా, డిలీట్. ముఖం కుదరలేదా, డిలీట్. ఆ పైన రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే గానీ ఆమెకి ఊపిరాడదు. అలాంటి అమ్మాయి పక్కన వీరబాబుని కూర్చోబెట్టడం హాజరుపట్టీ చేసిన అన్యాయం.

దీనికంతటికీ కారణం లోకనాథ్ సార్ అని చెప్పాలి, ఆయన ఒప్పుకోకపోయినా సరే. మొదటి రోజు సార్ వచ్చి, వీరబాబు కంప్యూటరు దగ్గరే నిలబడి, అందరికీ కనపడేలా ఒక పడవ గీశారు. తెడ్డు ఎటో పోయింది. "చూశారా, తప్పొచ్చింది. కంగారు పడక్కర్లేదు. అన్‌డూ చెయ్యండి, అంతే," అని ఒక మీట నొక్కారు. తెడ్డు మాయమైంది. మళ్లీ నొక్కారు, పడవే మాయమైంది.

వీరబాబుది అంతర్వేది దగ్గర పల్లిపాలెం. వేట మీద బతికే ఇల్లు. అతనికి ఆ మాట "ఎండు చెయ్యండి" అని వినపడింది. అందులో అతనికి వింతేమీ తోచలేదు. పడవ ఒడ్డుకి రాగానే వాళ్లమ్మ జ్ఞానమ్మ చేపల్ని మూడు గంపల్లోకి ఏరుతుంది. ఒకటి అమ్మకానికి, ఒకటి ఇంట్లోకి, ఒకటి ఎండుకి. చదువుకున్న సార్ కూడా అదే మాట చెబుతుంటే, రాజమండ్రి చదువు తనకి ఇట్టే వచ్చేస్తుందని వీరబాబు సంబరపడ్డాడు. ఆ సాయంత్రమే మూడు ఫోల్డర్లు తెరిచాడు. బాగా వచ్చిన బొమ్మలు "అమ్మకానికి". పరవాలేదనిపించినవి "ఇంట్లోకి". తప్పులన్నీ "ఎండు".

వారం తర్వాత సార్ కంట అది పడింది.

"ఏంటయ్యా ఈ ఎండు?"

"మీరు చెప్పిందేనండి."

"నేనెప్పుడు చెప్పాను?"

"మొదటి రోజేనండి. తప్పొస్తే ఎండు చెయ్యమన్నారండి."

సార్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "అన్‌డూ రా నాయనా! అన్‌డూ! అంటే వెనక్కి తీసేసుకోవడం!"

"అలాగేనండి," అన్నాడు వీరబాబు ఎంతో వినయంగా. అంతలో ఇంకో గీత వంకర పోయింది. దాన్ని జాగ్రత్తగా తీసుకెళ్లి ఎండులో వేశాడు.

కంప్యూటర్లో బొమ్మ వేయడమంటే పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి గీసినట్టే. ఆకాశం ఒక కాగితం, ఏరు ఒక కాగితం. వాటినే లేయర్లంటారు. మామూలు మనుషులు పది, పదిహేను లేయర్లతో బొమ్మ ముగించి టీకి వెళతారు. వీరబాబు బొమ్మలో నాలుగు వందల లేయర్లుంటాయి. పైగా ప్రతిదానికీ పేరు, పేరు వెనక మర్యాద. ఆకాశం గారు. ఏటిగట్టు గారు. ఎడం పక్క కొబ్బరిచెట్టు గారు. కొబ్బరిచెట్టు గారి పాత కాండం గారు.

"లేయర్‌కి గారు ఏంటి వీరబాబూ?" అని అడిగింది సుప్రియ ఒకరోజు ఉండబట్టలేక.

"మన పనికోసం పిలుచుకుంటున్నాం కదండి. ఉత్త పేరెట్టి పిలిస్తే ఏం బాగుంటుందండి?"

ఇంతమంది గార్లని మోసే ఆ కంప్యూటరు అవస్థ చెప్పనలవి కాదు. వీరబాబు ఫైలు మీద నొక్కగానే అది గుర్రుమని ఒక మూలుగు మూలిగేది. ఆ మూలుగు విని వెనక వరసలోంచి శ్యాంబాబు, "తొమ్మిది తెరుచుకుంటోందర్రోయ్!" అని కేకేసేవాడు. వీరబాబు ఫైలు కదిలితే ల్యాబంతా నెమ్మదించేది కాబట్టి, ఆ కేకకి క్లాసు క్లాసంతా లేచి వీధి చివర టీ బండి దగ్గరికి పోయేది. టీ తాగి, రెండేసి గారెలు తిని వచ్చేసరికి అరవై శాతం తెరుచుకుని ఉండేది. లోకనాథ్ సార్‌కి బీపీ వచ్చింది ఆ మొదటి ఏడాదే. డాక్టరు ఉప్పు మానమన్నాడు. వీరబాబుని మానమనడం డాక్టరుకి తోచలేదు.

ఇదిలా ఉంటే అతనికి ఇంకో జబ్బు పట్టుకుంది. సాయంత్రం ల్యాబు మూసే వేళకి పెన్‌డ్రైవ్ పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగేవాడు.

"ఏవండీ సుప్రియ గారూ, ఆ ముసలావిడ ముఖం పారేస్తున్నారా అండి?"

"పారేస్తున్నాను. ముక్కు చూడు, ఎలా ఉందో."

"అయితే నేను తీసుకోనా అండి?"

"తీసుకుని పకోడీల పొట్లం కట్టుకో!"

"అలాగేనండి. థాంక్సండి."

ఇలా ఎన్నిసార్లు అడిగాడో, ఎన్ని పకోడీల పొట్లాలు మంజూరు చేసిందో సుప్రియకి లెక్కలేదు. పిచ్చిమాలోకం అనుకుని మరిచిపోయింది.

రెండో ఏడాది సార్ అందర్నీ స్కెచ్‌లకని అంతర్వేది తీసుకెళ్లారు. తిరుగు దారిలో వీరబాబు పట్టుబట్టి వాళ్లింటికి లాక్కెళ్లాడు. ఇంటి ముందు ఇసక మీద వరసలు వరసలుగా చేపలు ఎండుతున్నాయి. నడుమ పాత గొడుగు కింద జ్ఞానమ్మ పొడుగాటి కర్ర పట్టుకుని కూర్చుని కాకుల్ని తోలుతోంది.

"ఇవన్నీ మీవేనా అండి?" అంది సుప్రియ, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకోవాలో వద్దో తేల్చుకోలేక.

"మాయి ఆ మూల నాలుగు వరసలేనమ్మా. మిగతాయి వాడోళ్లయి."

"మరి మీరెందుకు కాయడం?"

"ఎవురియి ఎవురియో కాకికి తెల్దు కదమ్మా. ఎవురో ఒకరు కాయాలి. ఇప్పుడు పారేసినట్టే ఉంటాయి గానీ, వేట ఆపేత్తారు సూడు, ఆ రెండు నెలలూ ఇయ్యే మాకు కూర. వాన సినుకు పడితే ముందు వాళ్లయి ఎత్తుతాను, తర్వాతే మాయి."

"ముందు మీవి ఎత్తుకోవాలి కదండి?"

"మాయి తడిత్తే నాకు కోపం వత్తాది. వాళ్లయి తడిత్తే వాళ్లకి కోపం వత్తాది. నా కోపం నేను పడతాను గానీ, వాడంతటి కోపం ఎవురు పడతారమ్మా?"

ఆ మాటకి అందరూ నవ్వారు. సుప్రియ కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నం పెట్టిన పులుసు రుచి గుర్తుపెట్టుకుంది గానీ మాట గుర్తుపెట్టుకోలేదు.

ఆఖరి ఏడాది పరీక్ష వచ్చింది. తలా ఒక పెద్ద బొమ్మ వేయాలి, గోదావరి మీద. దాంతోపాటు ఆ బొమ్మ ఎలా పుట్టిందో, మొదట ఎలా గీశారో, ఎక్కడ మార్చారో చూపించే ప్రాసెస్ ఫైలు పెట్టాలి. విశాఖపట్నం నుంచి లక్ష్మీదుర్గ మేడమ్ పరీక్షకి వస్తున్నారు. బొమ్మ లేకపోతే డిగ్రీ లేదు. సుప్రియకి డిగ్రీ చేతికి రాగానే చేరమని ఒక యానిమేషన్ కంపెనీ కబురు కూడా పంపింది.

ఆమె ఎంచుకుంది సఖినేటిపల్లి రేవులో పంటు. మోటారు సైకిళ్లు, గేదెలు, పెళ్లివాళ్లు, కూరగాయల గంపలు అన్నీ ఒక్కసారే ఏరు దాటే ఆ పంటు మీద నలభై మంది మనుషులు. నాలుగు నెలలు కూర్చుని వేసింది. అద్దంలా వచ్చింది. ప్రాసెస్ ఫైలు మాత్రం లేదు, తప్పులన్నీ డిలీట్ చేసేసింది కదా. శ్యాంబాబు వాళ్లలాగే ఆఖరి రోజు నాలుగు దొంగ తప్పులు గీసి పెడదామనుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే సార్ తొమ్మిదో నంబరు దగ్గరికొచ్చి నిలబడ్డారు. "వీరబాబూ, నీ ఎండు బరువుకి డిస్కు నిండిపోయింది. పదింటికల్లా ఖాళీ చెయ్యకపోతే నీ ఫైలు పరీక్షకి తీసుకోను. ఇది ఆఖరి మాట."

వీరబాబు ఎన్నడూ లేనట్టు "అలాగేనండి" కూడా అనలేదు. తల దించుకుని కూర్చున్నాడు. పదింటికి అతని వేలు డిలీట్ మీద పడటం సుప్రియ పక్కనుంచి చూసింది. ఎందుకో ఆమెకే మనసు చివుక్కుమంది.

పదిన్నరకి కరెంటు పోయింది. సరిగ్గా ఆమె ఫైలు సేవ్ అవుతున్నప్పుడు పోయింది. వచ్చాక పంటు తెరుచుకోలేదు. బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ లేవు.

"ఇంకో కాపీ ఉంటుంది కదమ్మా?" అన్నారు సార్.

"నిన్నటిదాకా ఉందండి. ఒకటే బొమ్మకి రెండు కాపీలెందుకు, చిందరవందరగా ఉందని..."

ఆ వాక్యం పూర్తి చేయనక్కర్లేకపోయింది. సుప్రియ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగింటికి మేడమ్ ముందు బొమ్మ పెట్టాలి.

ఆ పక్కనుంచి మెల్లగా వినపడింది. "ఏవండీ సుప్రియ గారూ. మీవాళ్లు ముప్పై ఎనిమిది మంది మా ఇంటి దగ్గర ఉన్నారండి."

"ఎవరు?" అంది తలెత్తి.

"పంటు మనుషులండి. మీరు పకోడీలు కట్టుకోమన్నారు కదండి, వాళ్లండి. గేదెలు కూడా ఉన్నాయండి."

"ఎండు ఖాళీ చేశావు కదయ్యా?" అన్నారు సార్.

"నావి తీసేశానండి."

"నీవి తీసేస్తే?"

"మిగతావి వాళ్లవీ వీళ్లవీనండి. నావంటే మళ్లీ గీసుకుంటానండి. మన వాకిట్లో ఎండేసుకున్నవాళ్లవి మనం పారబోస్తే ఎలాగండి?"

సార్ ఎండు తెరిచారు. అందులో పదిహేడు ఫోల్డర్లు, పదిహేడు పేర్లు, అన్నిటికీ గారు. శ్యాంబాబు గారు, నూట పన్నెండు. సుప్రియ గారు, రెండు వందల ఆరు. మూడేళ్లుగా తొమ్మిదో నంబరు మూలిగింది ఒక్క వీరబాబు బరువుకి కాదు, క్లాసు మొత్తం బరువుకి. ఆ తిట్లన్నీ అతనొక్కడే తిన్నాడు, ఒక్కనాడూ ఇవి నావి కావని అనలేదు. సుప్రియకి ఇసక మీద పొడుగాటి కర్ర గుర్తొచ్చింది. మళ్లీ ఏడుపొచ్చింది, కానీ ఈసారి ఏడవడానికి టైము లేదు.

క్లాసంతా తలో చెయ్యి వేసింది. శ్యాంబాబు రేవు నీళ్లు పరిచాడు. ఇంకొకరు పంటు రెయిలింగు లాగారు. సుప్రియ ఒక్కొక్కరినే ఎండులోంచి తెచ్చి పంటు మీద నిలబెట్టింది. ఒకప్పుడు తను ఛీకొట్టిన వాళ్లే. ముక్కు వంకర ముసలావిడ. ఒక కన్ను పెద్దదైపోయిన టికెట్టు మనిషి. చెయ్యి పొడుగైపోయి పక్కవాడి గంప పట్టుకున్నట్టున్న పెళ్లికొడుకు. నాలుగింటికి పంటు కదిలింది. అద్దంలా లేదు. కానీ అరుపులు వినపడేలా ఉంది.

లక్ష్మీదుర్గ మేడమ్ చాలాసేపు చూశారు. "వీళ్లందర్నీ నేనెక్కడో చూశానే!" అని నవ్వారు. "నీ ప్రాసెస్ ఏంటమ్మా?"

శ్యాంబాబు నేర్పిన ఇంగ్లీషు సమాధానం సుప్రియ నాలుక చివరే ఉంది. అది వదిలేసి నిజం చెప్పింది. "నేను పారేశానండి. అతను ఎండబెట్టాడండి."

తర్వాత వీరబాబు వంతు. వాళ్లమ్మ, గొడుగు, కర్ర, నాలుగు వరసల చేపలు, వాటి వెనక నలభై వరసలు. మేడమ్‌కి బొమ్మ నచ్చింది. "మరి నీ ప్రాసెస్ ఫైలేదయ్యా?"

వీరబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్లాసు మొత్తమ్మీద తప్పులే లేని విద్యార్థి ఆ రోజు అతనొక్కడే.

"అతని ప్రాసెస్ మూడేళ్లుగా నా బీపీ రిపోర్టుల్లో ఉందండి," అన్నారు లోకనాథ్ సార్ ముందుకొచ్చి. "చాలదంటే ఇది చూడండి." ఎండు తెరవబోయారు. తొమ్మిదో నంబరు మూలిగింది.

"తొమ్మిది తెరుచుకుంటోందర్రోయ్!" అన్నాడు శ్యాంబాబు అలవాటు కొద్దీ.

మేడమ్‌ని కూడా టీకి తీసుకెళ్లారు. గారెలు తిని వచ్చేసరికి పదిహేడు ఫోల్డర్లూ తెరుచుకుని ఉన్నాయి. వాటి కింద పద్దెనిమిదోది ఒకటి సార్ అప్పుడే చూశారు. లోకనాథ్ సార్ గారు, ఒకటి. నొక్కితే ఒక పడవ. తెడ్డు ఎటో పోయి ఉంది.

"దీన్ని నేను అన్‌డూ చేశాను కదరా!"

"మీరు అటు తిరగ్గానే మళ్లీ రప్పించానండి. మీరంతటివారు గీసింది కదండి, పోనీలెమ్మని ఎలా ఊరుకుంటామండి?"

సార్ ఆ వంకర పడవ వంక చూశారు. వీరబాబుకి పాస్ మార్కుల మీద మేడమ్ తన చేత్తో ఇంకొన్ని కలిపారు.

ల్యాబు గోడ మీద సార్ ఎప్పుడో రాయించిన పలక ఒకటి ఉంది. "తప్పు వస్తే అన్‌డూ చెయ్యండి" అని. ఆ మర్నాడు చూస్తే ఎవరో "అన్‌డూ"ని కొట్టేసి, పైన చక్కటి దస్తూరీతో "ఎండు" అని రాశారు. దస్తూరీ సుప్రియదని అందరికీ తెలుసు. సార్ లోపలికొచ్చి, పలక చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, హాజరు పిలవడం మొదలెట్టారు.

"వీరబాబు గారూ," అన్నారు.

"ఉన్నానండి," అన్నాడు వీరబాబు.