కాలెత్తకుండా నడవడం

అత్తగారి ఊరు సిరిసిల్లకు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు "గల్ఫ్‌ల ఏం పని?" అని అడుగుతారు. "చేపలకు బువ్వ పెడ్త" అంటాను. నవ్వుతారు. నవ్వనీ. ఒక పెద్ద అక్వేరియంలో నేను డైవర్‌ని.

రాయికల్ దగ్గర వ్యవసాయ బావుల్లో మునిగి పెరిగినవాణ్ణి, నీళ్లంటే భయమేమిటి? అద్దాలు తుడిచే పనిలో చేరి, పట్టుబట్టి డైవింగ్ నేర్చుకున్నాను. డైవర్‌నైన కొత్తలోనే స్టింగ్‌రే కొట్టింది, పళ్లెంలా పలచగా ఉండి తోకలో విషపు ముల్లుండే చేప.

అక్వేరియం తొట్టిలో లోతుకు దిగేముందు మోకాలిలోతు నీళ్లలో ఇసుక దాటాలి. స్టింగ్‌రేలు ఒంటిమీద ఇసుక చల్లుకుని అక్కడే పడుకుంటాయి. కళ్లు, వాటి వెనక ఊపిరి పీల్చే రంధ్రాలు మాత్రమే పైకుంటాయి. నేనేమో నాట్లేసే పొలంలో నడిచినట్టు మోకాలెత్తి, మడమ గట్టిగా దించాను. బురదలో అలా మోకాలెత్తకపోతే కాలు ఊడిరాదు, చిన్నప్పటినుంచీ అదే నడక. తోక లేచింది, ముల్లు చీలమండలో దిగింది. తేలు కుట్టడం దానిముందు ఏపాటి!

కోరుట్ల నుంచి వచ్చిన సీనియర్ డైవర్ ఒకాయన ఉన్నాడు, అన్నా అని పిలుస్తాను. నా కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచాడు. వేడికి ఆ విషం మంట తగ్గుతుంది.

"తొక్కితే అదేం జేస్తదిరా? దానికి గా ముల్లు తప్ప ఇంకేమున్నది? కాలెత్తకు, ఇసుకల జరుపుకుంట పో. అలికిడికి అదే లేచిపోతది" అన్నాడు.

గాయం మానింది గానీ, ఆ ఇసుక అంచుదాకా పోయి ఆగిపోయేవాణ్ణి. వెనక్కి తిరిగి వచ్చేసేవాణ్ణి. చివరికి మేనేజర్ తేల్చేశాడు, ఈసారి దిగకపోతే మళ్లీ అద్దాల పనికే పొమ్మని. నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి నేర్చుకున్నది పోగొట్టుకోవడానికా?

దిగాను. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాను. నా ముందు ఇసుక కదిలి, దుప్పటి దులిపినట్టు ఒకటి లేచి పక్కకు పోయింది. లోతులో మోకాళ్లమీద కూర్చుని, వాటి మేతైన స్క్విడ్ ముక్క పట్టుకున్న చెయ్యి చాపాను. ఒక స్టింగ్‌రే వచ్చి ఆ చేతిని ఒంటితో కప్పేసింది. నోరు పొట్టవైపు ఉండటంతో తినేది దాని కళ్లకు కనబడదు, వాసనతోనే పసిగడుతుంది. గవ్వలు నలగ్గొట్టే బల్లపరుపు పళ్లు నా వేళ్లకు తగిలాయి. అయినా చెయ్యి తీయలేదు.

సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది.

"అచ్చెయ్యరాదు, జగిత్యాలల ఏదన్న పని చూసుకుందువు. భయమైతలేదా?"

"అయితంది."

"మరి?"

"భయం పోయినంక దిగుదామంటే ఎన్నడు దిగ. రేపు గూడ దిగుత."