అడగడానికి ఏమీ లేని శుక్రవారం

సహోదరీ సహోదరులారా, ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జాతీయ టెన్నిస్ చాంపియన్ అయిన తర్వాత ప్రతి ఉదయం నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, వాన పడాలని. వాన పడితే మట్టి కోర్టు తడిసి ప్రాక్టీసు ఆగిపోతుంది గనుక.

మాది కిషన్‌బాగ్. నేను రాకెట్ పట్టిన నాటి నుండి ఆ టైటిల్ తప్ప మా ఇంట్లో వేరే కల లేదు, నాన్న ఇళ్ళకు పాలు పోసి వచ్చి అదే బండి మీద నన్ను కోర్టుకు తీసుకెళ్ళేవాడు. దేవుడు ఆ టైటిల్ ఇచ్చాడు. ఇచ్చాక నా లోపల ఏదో ఆరిపోయింది. దెబ్బ లేదు, జ్వరం లేదు, అయినా రాకెట్ సంచి కనబడకుండా మంచం కిందికి తోసేసేదాన్ని, అన్నం సహించేది కాదు, ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకునేదాన్ని, వాళ్ళు సిగ్గు అనుకునేవారు. కొత్త సీజన్‌కు పేరు ఇవ్వాలా అని కోచ్ సార్ అడిగితే సోమవారం చెబుతానన్నాను. ఆట మానేస్తున్నానని చెప్పడానికే నిశ్చయించుకున్నాను.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం మొఘల్‌పురాలో మన సంఘపు రత్నమ్మ ఆంటీ ఇంట్లో ఉపవాస ప్రార్థన. అక్కడ ఒక్కొక్కరు తమ ప్రార్థన అంశం చెబుతారు, పక్కన కూర్చున్నవారు దాని కోసం ప్రార్థిస్తారు. ఊహ తెలిసినప్పటి నుండి నా అంశం చాంపియన్ కావాలన్నదే, నేను నోరు తెరవకముందే అందరికీ తెలుసు. ఆ రోజు నా వంతు వస్తే బైబిలు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

"ఇంకేం కావాలె దీనికి? ఇగ ఫారిన్ కప్పు అడుగుదాం," అన్నది మేరీ అక్క. అందరూ నవ్వారు.

"లొల్లి ఆపుండ్రి. పిల్లను చెప్పనియ్యుండ్రి," అన్నది ఆంటీ.

"నాకు ఆడబుద్ధి అయితలేదు ఆంటీ. ఏం అడగాల్నో తెల్వదు," అన్నాను.

పక్కనే ఉన్న ఆంటీ నా తల మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, ఈ పిల్ల మస్తు అలిసింది. గెలిచినందుకు నీ బిడ్డ కాలేదు, ఆడకున్నా నీ బిడ్డనే. దీన్ని జర కూసోనియ్యి," అని ప్రార్థించింది. తర్వాత నాతో, "అడిగేది లేకుంటే వచ్చే వారం స్తుతి అంశం తీస్కరా," అన్నది.

సోమవారం కోచ్ సార్‌ను ఇంకో వారం గడువు అడిగాను. ఆ వారమంతా దేవుణ్ణి ఏమీ కోరలేదు, దేని గురించి స్తుతించాలా అని వెతుక్కున్నాను. కప్పు గుర్తుకు రాలేదు. బంతి రాకెట్ నడిమధ్య తగిలినప్పుడు వచ్చే చప్పుడు గుర్తుకొచ్చింది. శుక్రవారం అదే చెప్పాను.

"చప్పుడుకు స్తోత్రమా?" అని మేరీ అక్క నవ్వింది, నేనూ నవ్వాను. గెలుపే కాదు, ఆట కూడా ఆయన ఇచ్చిందేనని అంతవరకు నాకు తట్టలేదు. మరునాడు వెళ్ళి పేరు ఇచ్చాను.

ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాను, ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకుని, తెల్లవారి మళ్ళీ ఆటకు వెళ్ళాను. ఆ అలసట నుండి నాకు దొరికిన విడుదల ఇదే, దేవునికే మహిమ. అడిగింది దొరికాక మనసు ఖాళీ అయినవారు మీలో ఉంటే, ఆ ఖాళీనే ఆయనకు చెప్పండి, ఆయన విసుక్కోడు.

సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పే ధైర్యం లేక ఇది రాసి పంపుతున్నాను. ఏం రాయాలో తెలియడం లేదంటే మొన్న ఆంటీ ఇలా అన్నది: "తెల్వకపోవుడేంది? గెలిచిన ముచ్చట అందరికీ ఎరుకే. ఓడిపోయొచ్చి కడుపునిండ తిన్నవు చూడు, గదే రాయి బిడ్డా."