నాకు లేని నడుము నొప్పి

నా నడుము నొప్పికి ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టూ అరవై కిలోమీటర్ల మేర పేరుంది. ఆదివారం బ్యాడ్మింటన్‌కు వచ్చే తెలుగు మగాళ్లు దానికోసం తెచ్చిచ్చిన లేపనాలతో ఒక మందుల షాపు పెట్టుకోవచ్చు. ఒకాయన ఏకంగా కాకినాడ నుంచి నూనె తెప్పించాడు. ఆ ఘాటుకు మా కింది వాటా జర్మన్ ముసలమ్మ జనవరి చలిలో కిటికీలు బార్లా తెరిచి కూర్చుంది.

ఇంతా చేసి నా నడుము ఉక్కు కడ్డీ. దానికేమీ కాలేదు.

అసలు సంగతి వేరు. ఎష్‌బోర్న్‌లో ఆఫీసు ముందు కారు ఆపి, దిగలేక, స్టీరింగు పట్టుకుని అరగంట ఏడ్చేవాణ్ణి. ఎందుకో నాకే తెలియదు. ఉద్యోగముంది, ఇల్లుంది, కూతురు జర్మన్‌లోనైనా నాతో మాట్లాడుతోంది. ఇది బయటపడితే నేనిక్కడ పనిచేసేందుకు ఇచ్చిన బ్లూ కార్డు లాక్కుని, మర్నాడే హైదరాబాద్ విమానం ఎక్కించేస్తారని నా గట్టి నమ్మకం. అందుకే డాక్టరు దగ్గర కూడా నడుమనే చెప్పాను. ఆయన ఆరు మసాజులు రాశాడు. ఆరుసార్లూ వీపును చపాతీ పిండిలా పిసికించుకుని, హాయిగా ఉందని చెప్పి, కారులోకొచ్చి మళ్లీ ఏడ్చాను.

నా డబుల్స్ జోడీ వరంగల్ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. ఒక ఆదివారం అందరూ వెళ్లాక పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నడుం నొస్తుందంటవ్. కిందవడ్డ షటిల్ నాకంటె ముందు వంగి తీస్తవ్."

నేను వెన్నుపూసల మీద ఉపన్యాసం అందుకున్నాను. అతను మొత్తం విని, షూ లేసు విప్పుకుంటూ అన్నాడు.

"పోయినేడు నాకు మోకాలు నొప్పుండె గద. అది మోకాలు కాదన్నా."

ఆ మోకాలికి పట్టీ కొనిచ్చిందే నేను.

ఎనిమిది నెలలు మానసిక థెరపీకి వెళ్లాడట. బ్లూ కార్డు సొరుగులో చెక్కుచెదరకుండా ఉందట. సెలవు చీటీలో ఏ జబ్బో ఆఫీసుకు కనబడనే కనబడదట. ఇక్కడ థెరపిస్టులు వారంలో ఏదో ఒక గడియలోనే ఫోనెత్తుతారు, ఒక్కొక్కరిది ఒక్కో ముహూర్తం. ఆ పంచాంగమంతా రాసుకొచ్చి, రెండు వారాలు లంచ్ మానుకుని నా కారులో కూర్చుని, నాచేత ఫోన్లు చేయించాడు. పద్దెనిమిది మంది ఖాళీ లేదన్నారు. లేదన్న ప్రతిసారీ నా నోట్లో ఒక జంతిక పెట్టాడు. పంతొమ్మిదో ఆవిడ ఏమిటి బాధ అని అడిగింది. అలవాటుగా నా నోరు నడుము వైపు తిరిగింది. అతను నా తొడ మీద గిల్లాడు.

"నాకు రోజూ ఏడుపొస్తోందండి" అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో.

ఆవిడ నవ్వలేదు. ఆరు వారాల తర్వాత రమ్మంది.

"అపాయింట్‌మెంటు దొరికిందా అన్నా?"

తలూపాను. చివరి జంతిక అతను తిన్నాడు. ఇవాళ నేను కారు ఆపగానే దిగుతున్నానంటే ఆ గిల్లుడు చలవే.

అపాయింట్‌మెంటు దొరికిన ఆ సాయంత్రం మా ఆవిడ కాకినాడ నూనె వేడి చేస్తుంటే అంతా చెప్పేశాను. ఆవిడ పొయ్యి కట్టేసింది. తర్వాత గిన్నె తీసుకొచ్చి, బోర్లా పడుకోమంది.

"నొప్పి లేదన్నానుగా."

"ఉందని ఇప్పుడేగా చెప్పారు."

పడుకున్నాను. కింద ముసలమ్మ కిటికీ తెరిచిన చప్పుడైంది. ఆ ఘాటు ఇన్నాళ్లూ భరించినందుకు ఆవిడకు కూడా నేను రుణపడ్డాను.