ఆబ్సెన్స్ ఉండే ఇల్లు

కోదాడలో పురుగుమందుల దుకాణం పైగదిలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతాను. నా పద్ధతి మొండిది. రోజుకు ఒకే ఒక్క నామవాచకం. దానికి అర్థాలు చెప్పి, ఎక్కడెక్కడ వాడతారో చెప్పి, తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి ఒక్కో వాక్యం చెప్పిస్తాను. ఆ వాక్యం వాళ్ల ఇంట్లోంచే రావాలి. పుస్తకంలోంచి ఎత్తుకొస్తే ఊరుకోను. అబద్ధమైతే అసలే ఊరుకోను. ‘మా ఇంట్లో పియానో ఉంది’ అని ఒకాయన చెప్తే, ‘ఏదీ, రేపు మోసుకురండి, చూద్దాం’ అన్నాను. నా నోటికి భయపడి మానేసినవాళ్లూ ఉన్నారు. మానేయనీ.

మా ఇల్లు సూర్యాపేటలో. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. రోజూ బండి మీద వెళ్లి వస్తాడు. దారి కొంత దూరం కాలువ గట్టు వెంటే. సీజన్‌లో వడ్ల లారీలు, ట్రాక్టర్లు ఆ దారంతా వాళ్ల నాయన జాగీరే అన్నట్టు తోలుకుపోతుంటాయి. అందుకని మాకొక ఒప్పందం ఉంది. ఇల్లు చేరగానే నాకొక మిస్డ్ కాల్ కొడతాడు. ఒక్క రింగు. నేను ఎత్తక్కర్లేదు. క్లాసు మధ్యలో ఆరున్నర ప్రాంతంలో టేబుల్ మీద ఫోను ఒకసారి మోగి ఆగిపోతుంది. అప్పుడు వెనక కుర్చీలోంచి పాలకీడు అక్క, “సారు ఇల్లు చేరిండు” అంటుంది. అందరం నవ్వుకుని మళ్లీ పాఠంలో పడతాం.

ఈ పాలకీడు అక్క (ఆమె ఊరి పేరుతోనే పిలుస్తాం) కోదాడలోనే ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. నాకంటే పెద్దది. భర్త లారీ డ్రైవరు, మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం పోర్టులకు తోలతాడు. ఇంగ్లీషు నీకెందుకక్కా అని మొదటిరోజే అడిగాను. “ఆయన పొయ్యే కాడ తెలుగు రాదు మేడం. ఫోన్ చేసి అడగాలంటే రావాలె గద” అంది. ఏ మాట ఇచ్చినా ఆమె వాక్యం అక్కడికే వచ్చి ఆగేది. రోడ్డు అంటే, ‘మై హస్బెండ్ ఈజ్ కమింగ్ బై రోడ్.’ వాన అంటే, ‘మై హస్బెండ్ ఈజ్ కమింగ్ ఇన్ ద రెయిన్.’ ‘మీ ఆయన ఎప్పుడూ వస్తూనే ఉంటాడేమక్కా, చేరడా?’ అని మేమంతా ఆటపట్టించేవాళ్లం. ఆమె కూడా నవ్వేది.

ఆ రోజు నేను బోర్డు మీద రాసిన మాట ‘ఆబ్సెన్స్’.

చలికాలం. ఆరు కాకముందే బయట మసకబారింది. కింద దుకాణంలోంచి మందుల వాసన మెట్లెక్కి వస్తోంది. నేను చెప్పుకుపోతున్నాను. మనిషి ఉండాల్సిన చోట లేకపోతే ఆబ్సెన్స్. ఆ లేకుండా పోయినంత కాలమూ ఆబ్సెన్సే. కావలసిన వస్తువు లేకపోయినా ఆబ్సెన్సే. ఆఫీసులో దీన్నే గైర్హాజరు అంటారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత నాకే ఒక ఆలోచన తట్టి, పైకే అనేశాను. చూడండి, ఇది నామవాచకం. అంటే లేకపోవడాన్ని కూడా వీళ్లు ఒక వస్తువును చేశారు. కుర్చీ, బల్ల ఉన్నట్టే ఆబ్సెన్స్ కూడా ఇంట్లో ఉండగలదు. ఆ లేకపోవడాన్ని ‘ఫీల్’ అవుతారు, చేత్తో తడిమినట్టు.

అన్నాక చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాను.

ముందు నేనే ఉదాహరణ చెప్పడం అలవాటు. మా ఇంట్లోంచే తీశాను. ‘ఇన్ మై హస్బెండ్స్ ఆబ్సెన్స్, ఐ లాక్ ద డోర్ ట్వైస్.’ మా ఆయన లేనప్పుడు తలుపుకు రెండుసార్లు తాళం వేస్తాను. నిజమే, వేస్తాను.

ఆ మాట పూర్తవుతుండగానే కరెంటు పోయింది.

“అయ్యో మేడం!” అంది ముందు వరసలో అంగన్‌వాడీ టీచరు. ఆమెది తుంగతుర్తి. “దీపాలు పెట్టే యాళ్ల గా మాట అంటరా? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు.”

పొద్దుగూకే వేళ ఏ మాట అంటే దానికి ‘తథాస్తు’ అని దీవించి పోయే దేవతలు వాళ్లు. మంచా చెడా అని చూడరు. మా అమ్మ కూడా ఈ పేరు చెప్పే మా నోళ్లు మూయించేది.

“వాళ్లకు ఇంగ్లీషు రాదులేమ్మా” అన్నాను.

“ఈ రోజుల్లో అందరూ నేర్చుకుంటున్నారండి. వాళ్లు మాత్రం ఊరుకుంటారా?” అన్నాడు సెల్‌ఫోన్ల షాపు అతను. అందరూ నవ్వారు. పాలకీడు అక్క నవ్వలేదు.

ఎవరో ఫోను లైటు వేశారు. పాఠం సాగింది. ఆరున్నర దాటింది. నా ఫోను మోగలేదు. ఇంకాసేపు చూశాను. నేను బోర్డు వైపు తిరిగినా నా వీపుకు ఆ ఫోనే కనబడుతోంది. వాక్యాలు చెప్పేవాళ్లు కూడా చెబుతూ చెబుతూ టేబుల్ వైపు చూస్తున్నారు.

చివరికి నేనే చేశాను. ఒక ఆడగొంతు, మీరు కాల్ చేసిన వ్యక్తి అందుబాటులో లేరని తెలుగులో చెప్పింది. తర్వాత హిందీలో చెప్పింది, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. చీకట్లో అందరికీ వినబడింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే గొంతు, అదే మర్యాద. కాలువ గట్టు, లారీల లైట్లు, ఆయన పాత హెల్మెట్టు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. నాకు దేవతలంటే నమ్మకం లేదు. కానీ ఆ క్షణంలో నా నాలుక నేనే కోసుకుందామన్నంత కోపం వచ్చింది.

“మాట మార్చి అనుండ్రి మేడం, సారు ఇంట్లనే ఉన్నడని అనుండ్రి” అని అంగన్‌వాడీ టీచరు బతిమాలింది. అనబోయాను. నిజమో కాదో తెలియని వాక్యం నా నోటికి రాలేదు.

అప్పుడు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. పాలకీడు అక్క లేచి నిలబడింది. ఆమె వంతు ఇంకా రాలేదు. ముఖం కనబడటం లేదు, కొంగు అంచు మాత్రం తెల్లగా ఆనుతోంది. మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుని చెప్పింది.

“ఆబ్సెన్స్ ఈజ్ ఇన్ మై హౌస్.”

ఆగింది. మళ్లీ అంది.

“ఇట్ లివ్స్ ఇన్ మై హౌస్. మెనీ ఇయర్స్. ఇట్ హ్యాజ్ నో వర్క్ ఇన్ మేడమ్స్ హౌస్.”

అన్నాక తలుపు వైపు చూసింది, అక్కడ ఎవరో నిలబడి వింటున్నట్టు. మేమంతా అటే చూశాం. మెట్ల మీద చీకటి తప్ప ఏమీ లేదు. కానీ నేను దేవుడి మీద ఒట్టేసి చెబుతాను, ఆ మెట్ల మీదనుంచి ఏదో దిగిపోయినట్టు గదిలో గాలి తేలికైంది.

టేబుల్ మీద ఫోను మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

ఎవరూ నవ్వలేదు. “సారు ఇల్లు చేరిండు” అంది అక్క, కూర్చుంటూ.

బస్సు పట్టుకుని సూర్యాపేట చేరేసరికి మా ఆయన పొయ్యి దగ్గర పప్పు తాలింపు వేస్తున్నాడు. చూడగానే ఏడుపొచ్చింది, తిట్టాను కూడా. “ఫోన్ల చార్జింగ్ ఖతం అయింది. ఇంటికొచ్చి పెట్టిన, గట్లనే కన్నంటుకున్నది” అన్నాడు. తర్వాత గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. “ఎవరో ఆడమనిషి గడప కాడ పిలిసినట్టయింది. ‘సారూ, ఇంట్ల ఉన్నరా?’ అని. ఉన్ననమ్మా అని లేసి తలుపు తీసిన. ఎవరూ లేరు. అప్పుడు యాదికొచ్చింది, నీకు కొట్టలేదని.”

మా వీధిలో ఆయన్ని సారూ అని పిలిచేవాళ్లు లేరు. ఆ సంగతి నేను ఆయనతో అనలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నా తలుపుకు రెండుసార్లు తాళం వేసి పడుకున్నాను.

మర్నాడు అక్క మామూలుగానే వచ్చింది. మామూలుగానే ఫోను మోగింది, ఆమె మామూలుగానే చెప్పింది. క్లాసయ్యాక అందరూ వెళ్లిపోతే కిటికీలు వేస్తూ ఉండిపోయింది. నేను అడగలేక అడిగాను. “అక్కా, మీ ఆయన...”

“శానేండ్లాయె, లారీ దొరికింది మేడం. రోడ్డు పక్కన ఆపి ఉన్నది. లోడు లోడే ఉన్నది. చెప్పులు లారీ మెట్టు మీదనే ఉన్నయి. మనిషే లేడు.” కిటికీ గడియ వేసింది. “లేడు అని నేనెన్నడు అనలే. పోలీసులు అన్నరు, మా అత్త అన్నది. నేను అనలే. లారీ తోలుకుంట లైన్ మీద ఉన్నడు, వస్తున్నడు అన్న. నేను అంటేనే గద ఆ దేవతలు తథాస్తు అనేది. అందుకే అనలే.”

ఆమె చేయి పట్టుకున్నాను. చేయి మామూలుగానే వెచ్చగా ఉంది.

“మరి నిన్న నా కోసం ఎందుకన్నావక్కా?”

“మీ సారుకు గడప ఇంకా దూరం కాలేదు గద మేడం” అంది. చీర చెంగు సర్దుకుని, సంచి భుజానికి వేసుకుంది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“ఇన్నేండ్లు రోజూ ఇద్దరికి పోస్తుంటి. నిన్న ఇంటికి పోయి బియ్యం ఒక్కదానికే పోసుకున్న.”