నేను చూస్తే ఓడిపోయే జట్టు

ఆ రోజుల్లో సముద్రాలు దాటి రెజైనా అనే ఊళ్లో దిగిన తెలుగు విద్యార్థికి పెట్టె తెరవకముందే ఒక పేరు పడిపోయేది. పప్పు మాడకుండా వండగలిగితే చెఫ్, అందరికంటే ముందు లైసెన్సు తెచ్చుకుంటే డ్రైవరన్న. నాకు పడింది ఐరన్ లెగ్. ఇన్నేళ్లయినా ఆ పేరు పెట్టినవాణ్ణి నేను క్షమించలేదు. (వాడి పెళ్లికి వెళ్లాను, రెండుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను, అయినా క్షమించలేదు.)

మేం నలుగురం ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. పై అంతస్తులో ఇంటి యజమాని, కాకినాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన అంకుల్. ఆదివారం చర్చి, మిగతా వారం ప్రభుత్వ ఆఫీసు, ఆ రెంటినీ మించి రెజైనా ఊరి ఫుట్‌బాల్ జట్టు. ఇది కాలితో తన్నుకుంటూ పోయే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడేవాళ్లను తప్పించుకుంటూ పరిగెత్తే ఆట; అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, అంటే పాయింట్లు. మ్యాచ్ ఉన్న రోజు అంకుల్ మమ్మల్ని పైకి పిలిచేవారు. పెద్ద టీవీ, మెత్తని సోఫా, ఆంటీ చేసిన చేగోడీలు. బేస్‌మెంట్‌లో బతికేవాడికి కిటికీ ఉన్న గదిలో కూర్చోవడమే ఒక వైభోగం.

నేను దిగిన వారమే సీజన్ మొదలైంది. అంతకు ముందటి ఏడాది ఫైనల్ దాకా వెళ్లిన జట్టు, నేను ఆ సోఫాలో కూర్చోగానే ఓడిపోవడం మొదలుపెట్టింది. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ మోకాలు దెబ్బతింది. చేతుల్లో పడ్డ బంతులు జారిపోయాయి. గెలిచేశాం అనుకున్న మ్యాచ్‌లు చివరి నిమిషంలో పోయాయి. ఊరంతా కోచ్‌ను తిడుతుంటే, అసలు కారణం నేనని కనిపెట్టినవాడు మా రూమ్మేట్ వరంగల్ వాడు.

"అంకుల్, జర గమనించుండ్రి. వీడు బాత్రూమ్‌కు పోయినప్పుడే మనోళ్లు టచ్‌డౌన్ కొట్టిండ్రు."

"ఛఛ, మనం దేవుని బిడ్డలం. శకునాలూ గికునాలూ మనకి లేవయ్యా," అన్నారు అంకుల్. టీవీ వైపు ఓ చూపు చూసి, "అయినా బాబూ, నువ్వు కాస్సేపు ఆ మెట్ల మీద కూర్చో," అన్నారు.

కూర్చున్నాను. తలుపు వేశారు. కాసేపటికే లోపల కేకలు, చప్పట్లు. నా ఖర్మ అక్కడే కాలింది. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌కీ నా చోటు బేస్‌మెంట్ మెట్లే. ఆంటీ చేగోడీల ప్లేటు తలుపు సందులోంచి అందించేవారు. ("పాపం పిల్లాడు" అంటూనే తలుపు మూసేవారు.) నేను మెట్ల మీదున్నా జట్టు ఓడుతూనే ఉంది. ఆ మాట ఎత్తితే వరంగల్ వాడు, "ఇంట్లనే ఉన్నవ్ గద!" అనేవాడు. చివరికి నా కీర్తి ఎక్కడిదాకా పాకిందంటే, చర్చి భోజనాల్లో నాకసలు పరిచయం లేని ఒకాయన పక్కకు పిలిచి, "బాబూ, రేపు పొద్దున మా అమ్మాయికి లైసెన్సు కోసం రోడ్ టెస్ట్. నువ్వు అటువైపు రావు కదా?" అని మర్యాదగా అడిగారు.

ఆఖరి మ్యాచ్ విన్నిపెగ్‌లో. మిగతా జట్లూ ఓడుతుండటంతో ఇంకా ఆశ మిగిలింది: గెలిస్తే ప్లేఆఫ్స్, ఓడితే సీజన్ ముగిసినట్టే. నా లెక్క వేరు. నేను ఇంట్లో లేకుండా, టీవీ చూడకుండా జట్టు ఓడాలి. అప్పుడే నా మీది మచ్చ పోతుంది. నేను లేనప్పుడు గెలిచిందా, ఆ పేరు నాతోపాటే కాటికి వస్తుంది. అందుకని నేను పనిచేసే కాఫీ షాపులో మ్యాచ్ ఉన్న ఆ శనివారం మధ్యాహ్నం షిఫ్ట్ అడిగి మరీ వేయించుకున్నాను.

"నేను పోతున్నా. ఫోన్ కూడా లాకర్లో పెడతా. ఇవాళ ఓడితే మాత్రం అందరూ నాకు సారీ చెప్పాలి," అన్నాను గుమ్మంలో నిలబడి.

"చెప్తం గని, ముందుగాల పో అయ్యా," అన్నాడు వరంగల్ వాడు.

షాపులో నన్ను, జనం కారు దిగకుండానే కాఫీ కొనుక్కుపోయే డ్రైవ్-త్రూ కిటికీలో వేశారు. చెవులకు హెడ్‌సెట్. ఆర్డరిచ్చే ప్రతి కారులోనూ రేడియో, ప్రతి రేడియోలోనూ మ్యాచ్. రెండు కాఫీలు, ఒక బేగెల్, మధ్యలో మనవాళ్లు బాగా వెనకబడ్డారన్న వార్త. నా పాపిష్ఠి మనసు గంతేసింది. తర్వాతి కారులో టచ్‌డౌన్. ఆ తర్వాతి వ్యానులో పిల్లల ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. (ఆ పిల్లలను కూడా నేను మరిచిపోలేదు.) చివరికి జట్టు ఆకుపచ్చ జెర్సీ వేసుకున్న ఒక పెద్దాయన పికప్ ట్రక్ కిటికీ దగ్గర ఆగింది. మనవాళ్లు రెండే పాయింట్ల వెనక. ఆఖరి కిక్. బంతి స్తంభాల మధ్యగా వెళితే గెలుపు. నేను కాఫీ అందించబోయాను. ఆయన పట్టుకున్నారు గానీ తీసుకోలేదు, నేనూ వదల్లేదు. నాకు కావలసింది ఓటమి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "వెళ్లు, వెళ్లు, వెళ్లవే తల్లీ!"

బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది.

పెద్దాయన కాఫీ తీసుకుని, వచ్చే ఏడు చూద్దాంలే అన్నట్టు నా చెయ్యి తట్టి వెళ్లిపోయారు. వెనక కారువాడు హారన్ కొడితేగానీ నేను నిర్దోషినన్న సంగతి గుర్తురాలేదు.

షిఫ్ట్ అవగానే ఇంటికి పరిగెత్తాను. పై గదిలో అందరూ తలలు వేలాడేసుకుని ఉన్నారు. "ఇప్పుడు చెప్పండి! నేను ఇంట్లో లేను, టీవీ చూడలేదు. మరి ఎందుకు ఓడారు?"

అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిజమేనయ్యా. నిన్ను అనవసరంగా..."

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. "బంతి పోయి స్తంభానికి తగిలింది కూడా నా వల్లేనా?" అన్నాను.

వరంగల్ వాడు తలెత్తాడు. "ఆగుండ్రి అంకుల్. స్తంభానికి తగిలింది నీకెట్ల ఎర్కరా?"

"అదీ... ఎవరిదో కారులో రేడియో..."

"అగో! ఇన్నడు! అంకుల్, వీడు ఇన్నడు!"

అంకుల్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "శకునాలు మనకి లేవు బాబూ. కానీ చెవులు మూసుకోవాల్సింది."

ఇప్పుడు అదే దేశంలో కిచెనర్ అనే ఊళ్లో ఉంటున్నాను. ఉద్యోగం, ఇల్లు, ఆరేళ్ల పాప, కొంచెం బట్టతల. ఆ జట్టు ఆడుతుంటే నా సొంత టీవీ ముందు, నా సొంత సోఫాలో కూర్చుంటాను. ఆఖరి నిమిషాల్లో మనవాళ్లు కొంచెం వెనకబడ్డారంటే మాత్రం, ఎవరూ చెప్పకుండానే లేచి గరాజ్‌లోకి పోతాను. "డాడ్, ఇట్స్ నాట్ ఓవర్!" అంటుంది పాప. చెత్త డబ్బా బయట పెట్టాలంటాను. అక్కడ చలికి చేతులు రుద్దుకుంటుంటే ఫోన్ మోగుతుంది. వరంగల్ వాడు.

"యాడున్నవ్ రా?"

"గరాజ్‌లో."

"శెబాష్. గాడ్నే ఉండు."

ఉంటాను, లోపల పాప కేక వేసేదాకా.