వదిలెయ్యమన్న చెయ్యి

కత్తెరమ్మ రోజూ పొద్దున్నే దుకాణం తెరిచి, కుట్టుమిషన్ల మీద కప్పిన గుడ్డలు తీయకముందే, కుర్చీలో కూర్చుని కుడి పిడికిలి గట్టిగా బిగిస్తుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఒక్కో వేలే విప్పుతుంది. తర్వాత భుజాలు, ఆ తర్వాత దవడ. అది అయ్యేదాకా ఎవరు పిలిచినా పలకదు.

కోటు గుడ్డల కటింగులో ఆమెది చెయ్యి తిరిగిన పని. పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక ఆ చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నా వణుకుతోంది. ఆమధ్య ఒక కోటు గుడ్డ అడ్డంగా తెగింది. కొడుకు కత్తెర తీసి సొరుగులో పెట్టేశాడు. ఇకనుంచి కటింగ్ తనే చూసుకుంటానన్నాడు.

ఈ పిడికిలి వ్యాయామం నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయితో మొదటిరోజే గొడవైంది.

"చెయ్యి వదిలెయ్యండమ్మా" అంది ఆ పిల్ల.

"మావాడు ఫోన్ చేసి చెప్పమన్నాడా? నేను వదలను."

కండరాలు వదులు చెయ్యమన్నానే గానీ పని వదలమనలేదని నచ్చజెప్పేసరికి ఆ పిల్లకు తల ప్రాణం తోకకొచ్చింది. ఈ వ్యాయామంతో జబ్బు పోదనీ, మందులు మానకూడదనీ చెప్పింది. కంగారు పడితే వణుకు పెరుగుతుంది, ఆ కంగారు తగ్గించుకోవచ్చు అంది. కత్తెరమ్మ ఆ చివరి మాటే పట్టుకుంది. గుడ్డ తెగిన రోజు కొడుకు పక్కనే నిలబడి కళ్లప్పగించి చూస్తున్నాడు మరి.

ఇవాళ ప్లీడరుగారి కోటు గుడ్డ వచ్చింది. కొడుకు దాన్ని బల్ల మీద పరిచేలోపు ఆమె సొరుగు లాగి కత్తెర తీసుకుంది.

"అమ్మా, ఖరీదైన గుడ్డ."

"నువ్వు అవతలికి పోరా. నువ్వు చూస్తుంటేనే ఈ చేతికి వణుకు."

"పాడైతే?"

"పాడయ్యాక తిట్టు. ఇప్పుడే మొదలెట్టకు."

గొణుక్కుంటూ వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పిడికిలి బిగించి, విప్పి, ఊపిరి వదులుతూ కత్తెర కదిలించింది. కోటు చంక మలుపు దగ్గర ఆమె చెయ్యి మళ్లీ బిగిసింది. కత్తెర కింద పెట్టి, కుర్చీలో కూర్చుని మొదటినుంచీ చేసింది. అయిందా అని కొడుకు తొంగిచూస్తే తలుపు వెయ్యమంది.

అన్ని ముక్కలూ తెగాయి. కోటు చేతి ముక్క ఒకదాని అంచు కాస్త వంకరపోయింది, కుట్టులో కలిసిపోయేంత. కొడుకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిషన్ మీదికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చి కత్తెర సొరుగులో పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"బల్ల మీదే ఉండనీ."

రేపు కటింగుకు ఇంకో రెండు కోటు గుడ్డలున్నాయి.