కత్తెర అప్పగించిన ఏడాది

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో, మొదటి అంతస్తులో, మాకు జాకెట్లు కుట్టే షాపు ఉంది. పదిహేనేళ్లుగా నేనే నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఇద్దరు మిషన్ల మీద కుడతారు, ఒకామె హుక్కులు, కాజాలు చూస్తుంది. నాలుగో ఆమె అందరికన్నా సీనియర్. పెళ్లి జాకెట్లన్నీ ఆమే కుట్టేది. బట్ట కోయడం మాత్రం నా పని. ఆ బల్ల దగ్గరికి ఇంకెవరినీ రానిచ్చేదాన్ని కాదు.

దానికొక కారణం ఉంది. మా పుట్టింటివాళ్లది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. దారం కట్టి, రంగు వేసి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తేనే ఆ డిజైను వస్తుందని చిన్నప్పటి నుంచి చూశాను. షాపు పెట్టిన మొదటి ఏడాదే ఒక పెళ్లికూతురి పోచంపల్లి పట్టు జాకెట్టు బట్ట తలకిందులుగా కోశాను. వెనక భాగంలో డిజైను తిరగబడింది. ఆ అమ్మాయి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చుని, ఆ ముక్క ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు గానీ కోసిన బట్టను ఏం చేస్తాం? ఆ రోజు నుంచి కత్తెర నా చేతిలోనే ఉండాలనుకున్నాను. అది బాధ్యత అనుకున్నాను.

సీనియరామె పదకొండేళ్ల కిందట వచ్చింది. నల్గొండ వైపు పల్లెటూరు, సైదాబాద్‌లో కిరాయికి ఉండేది. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్లేది కాదు. వచ్చిన రెండో ఏడే నన్ను అడిగింది.

"అక్కా, నాకు కటింగ్ వస్తది. ఇంట్ల పేపర్ల మీద రోజూ కోస్త. గీ ఒక్కటి నేను కోస్తనే."

"నీ కుట్టు మంచిగున్నది. కుట్టు చూస్కో," అన్నాను.

తర్వాత ఇంకో రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. అడగడం లేదు కాబట్టి ఆశ కూడా లేదనుకున్నాను నేను.

మూడేళ్ల కిందట ఆమె కూతురి పెళ్లి కుదిరింది. చర్చిలో పెళ్లి, తెల్ల పట్టుచీర. ఒకరోజు పొద్దున్నే జాకెట్టు బట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏదో చెప్పబోతుంటే నేనే అందుకుని, "నీ బిడ్డ పెళ్లి నా బిడ్డ పెళ్లి కాదా? నేను కోస్త. నా దిక్కెల్లి కట్నం అనుకో," అన్నాను. ఆమె పక్కనే నిలబడి చూసింది. బాగా కోశాను. ఎవరికీ చెయ్యనంత చేశానని ఆ సాయంత్రం ఎల్బీనగర్‌లో మెట్రో దిగి ఇంటికి నడుస్తూ తృప్తి పడ్డాను కూడా.

పోయిన శ్రావణానికి ముందు కళ్లద్దాలు మార్చుకోవడానికి వెళ్లాను. షాపతను ఏదో మిషన్‌తో కళ్లు చూసి, "కంటి ప్రెషర్ ఎక్కువ కనబడుతున్నది మేడం. దవాఖానల చూపించుకోండి, లేట్ చెయ్యకండి," అన్నాడు. నొప్పి లేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతోంది. ఆ సంగతి షాపులో మాటవరసకి చెప్తే సీనియరామె వెంటనే కుట్టు ఆపింది.

"రేపే పోదాం అక్కా. నేను తోడొస్త."

"దవాఖానకు పోతే రోజంతా అక్కడనే అయితది. శ్రావణం పెండ్లిళ్లున్నయి. కటింగ్ ఎవరు చేస్తరు?"

నా వైపు చూసి మళ్లీ మిషన్ తొక్కింది. చేసేవాళ్లు ఆ గదిలోనే, నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు.

శ్రావణం అయ్యాక దసరా అన్నాను, దసరా అయ్యాక మాఘం ముహూర్తాలు అన్నాను. ఈలోగా బల్ల అంచుకి నడుము తగిలేది. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు చేయి తగిలి పడేది. మెట్రో మెట్ల మీద ఎవరెవరో వచ్చి గుద్దుకునేవారు, చూసుకోరేమని విసుక్కునేదాన్ని. వయసు యాభై దాటింది, అలసట అనుకున్నాను. జాకెట్ల గురించి ఒక్క కంప్లయింటు రాలేదు. నా చేతికేమీ కాలేదని అదే నా ధైర్యం.

మాఘం అయిపోయిన తర్వాత, నాగోల్ నుంచి వచ్చే ఒక పాత కస్టమర్ వచ్చింది. గుంటూరు వైపావిడ, బ్యాంకులో ఉద్యోగం. తన చెల్లెలి కోసం కొత్త బట్ట తెచ్చి, కొలతకి దసరా తర్వాత మా దగ్గరే కుట్టించుకున్న పోచంపల్లి జాకెట్టు ఇస్తూ అంది.

"మేడం, దీనికి చంక దగ్గర ముక్క కలిపారు కదండీ. భలే కలిపారు. ఇస్త్రీ చేసేటప్పుడు చూశాను గానీ, లేకపోతే నాకు తెలిసేదే కాదు. డిజైను ఎక్కడా విరగలేదు."

నేను ముక్కలు కలిపి ఎప్పుడూ కోయను. ఆమె వెళ్లిపోయాక జాకెట్టు తిరగేసి వెలుతురులో పట్టుకున్నాను. చంక కింద మూడు వేళ్ల వెడల్పు ముక్క. ఎర్ర డైమండు సగం ఈ బట్టది, సగం ఆ బట్టది. దారం రంగు మారే చోట కుట్టు కనబడకుండా దాచారు. నేను గీత దాటి బట్ట లోపలికి కోసేస్తే తప్ప ఆ ముక్క అవసరం రాదు. అలా కలపగలిగే చెయ్యి మా షాపులో ఒక్కటే.

మధ్యాహ్నం మిగతావాళ్లు అన్నం తింటుంటే ఆమెను బల్ల దగ్గరికి పిలిచాను.

"గిది నువ్వే కలిపినవా?"

ఆమె జాకెట్టు వైపు చూడలేదు. "చిన్నదేనక్కా."

"ఒక్కటేనా?"

ఆమె బల్ల మీది పీలికలు ఏరడం మొదలుపెట్టింది.

"ఎన్నున్నయి? ఎప్పటి సంది?"

"బతుకమ్మ పండుగప్పటి సంది. మొదట్ల ఒకటీ అరా. గిప్పుడు రెండింట్ల ఒకటి తప్పుతున్నది. కుడిదిక్కు గీత నీకు కనబడ్తలేదక్కా. చాక్‌పీసు గీత దాటి కోస్తున్నవ్."

"మరి నాకెందుకు చెప్పలె?"

"దవాఖానకు పొమ్మని ఎన్నిసార్లు చెప్పిన? దీని గురించి చెప్తే నువ్వు తట్టుకోవనుకున్న. నీకు అన్నిటికన్న పెద్దది గీ కత్తెరనే కదా."

ఆ నాలుగైదు నెలలూ నేను పాడుచేసినవన్నీ ఆమె ఇంటికి తీసుకుపోయి, మిగిలిన పీలికల్లోంచి డిజైను వెతికి, కలిపి తెచ్చింది. ఆ పేరంతా నాకే వచ్చింది. నాకు కోపం రాలేదు, ఏడుపు కూడా రాలేదు. స్టూలు మీద కూర్చుని ఆ జాకెట్టు ఒళ్లో పెట్టుకున్నాను.

మర్నాడు ఆమే నన్ను ఎల్బీనగర్‌లో కంటి దవాఖానకు తీసుకెళ్లింది. ఒక మిషన్‌లో తల పెట్టి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. మిషన్ ఆగిపోయిందేమోనని అడిగాను. "నడుస్తూనే ఉందమ్మా," అంది అక్కడి అమ్మాయి మెల్లగా.

గ్లకోమా అన్నాడు డాక్టరు. నీటికాసులంటారే, అదే. పక్క చూపు మొదట పోతుందనీ, మనిషికి తెలియనే తెలియదనీ చెప్పాడు. కుడికన్ను చాలావరకు పోయింది, ఎడమది సగం ఉంది.

"పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకుందాం. ఎవరూ ముందు చెప్పలేదా?"

"చెప్పిన్రు," అన్నాను.

"అప్పుడే వచ్చి ఉంటే చాలా మిగిలేది."

బయట వరండాలో కూర్చున్నాం. ఆమె నా చేయి పట్టుకుంది. కటింగ్ ఎవరు చేస్తారని నేను అడిగిన రోజు మా ఇద్దరికీ గుర్తుంది. ఆ ఒక్కరోజు కత్తెర ఆమె చేతికిచ్చి ఉంటే సరిపోయేది. షాపు కోసం కళ్లు పోగొట్టుకున్నానని ఇప్పుడు బంధువులు జాలి పడతారు. అది నిజం కాదు. నేను లేకపోతే జరగదనుకున్నాను, అంతే.

ఆ సోమవారం కత్తెర ఆమెకిచ్చాను. ఇచ్చాననే అనుకున్నాను. నిజానికి పక్కనే నిలబడి, "జర ఇటు జరుపు. అర ఇంచు వదులు. మెడ లోతు చూసినవా?" అంటూనే ఉన్నాను. పావుగంట చూసి ఆమె కత్తెర కింద పెట్టింది.

"అక్కా, నువ్వట్ల మీద నిలబడితే నా చెయ్యి ఆడదు. నువ్వన్న కొయ్యి, నన్నన్న కొయ్యనియ్యి."

కిందికి దిగి సందు మొదట్లో చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. మెట్రో రైళ్లు నాలుగో, అయిదో పోయాయి. పైకి వెళ్లేసరికి మూడు జాకెట్లు కోసి మడతపెట్టి ఉన్నాయి. తడిమి చూడాలని చేతులు లాగాయి. చూడలేదు. ఆ రోజు నేను చేసిన కష్టమైన పని అదే.

రెండో నెలలో ఆమె ఒక చెయ్యి పొట్టిగా కోసింది. కస్టమర్ గట్టిగా అరిచింది. నేను లేచి, తప్పు నాదేనని చెప్పబోయాను. ఆమె నన్ను వారించి, "నేనే కోసిన మేడం, తప్పయింది. అంచు కలిపి ఎల్లుండికి ఇస్త," అంది. తప్పు కూడా ఆమెదే కావాలి కదా. నేను కూర్చున్నాను.

వేసవిలో ఒక చర్చి పెళ్లికి తెల్ల పట్టు జాకెట్టు వచ్చింది. ఆమె కోస్తుంటే నేను ఎదురుగా కూర్చుని హుక్కులు లెక్కపెడుతున్నాను. తల ఎత్తకుండానే అంది.

"నా బిడ్డది సుత ఇట్లనే కోద్దామనుకున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ పొద్దు కాయిదం మీద కోసి తెచ్చుకున్న అక్కా. బ్యాగులనే ఉండె. ఒక్క గంట బల్ల ఇమ్మని అడుగుదామనుకున్న."

"గప్పుడే చెప్పకపోతివి?"

"నువ్వు ప్రేమతోటి కోస్తనంటివి. ఎట్ల వద్దంట?"

"ఆ కాయిదం ఏమాయె?"

"ఏం చేస్తం? పడేసిన."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే నాకు క్షమించమని అడగడానికి కూడా చోటు దొరకలేదు. ఆ పెళ్లి మళ్లీ జరగదు. నా ఆనందం కోసం ఒక తల్లి చేతిలో పని లాక్కున్నాను, దానికి కట్నమని పేరు పెట్టాను. అయినా అడిగాను చివరికి, "నన్ను మాఫ్ చెయ్యి" అని. "ఊకో అక్కా," అని మెడ భాగం కోయడానికి బట్ట తిప్పుకుంది.

ఇప్పుడు కటింగ్ బల్ల పూర్తిగా ఆమెదే. మిషన్ల మీద ఉన్న ఇద్దరికీ కోయడం నేర్పుతోంది. మొదటి వారమే లైనింగ్ బట్టలు కోయించింది, రెండో నెలకి మామూలు జాకెట్లు ఇచ్చేసింది. నాకు పదిహేనేళ్లలో చేతకానిది ఆమె నాలుగు నెలల్లో చేసింది. నేను కస్టమర్లతో మాట్లాడతాను, ఫోన్లు తీస్తాను, టేపు పెట్టి కొలతలు చెప్తే ఎవరో ఒకరు రాసుకుంటారు. రోజూ చుక్కల మందు వేసుకుంటాను. మసక పడకముందే ఇంటికి బయల్దేరతాను.

ఒక ఆదివారం, అందరికీ సెలవు, తాళం తీసుకుని ఒక్కదాన్నే షాపుకెళ్లాను. పాత లైనింగ్ బట్ట పరిచి, ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని, గీతలు గీసి కోశాను. చెయ్యి ఏమీ మర్చిపోలేదు. పూర్తయ్యాక ముందు భాగం రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టాను. అవి కలవలేదు. కుడివైపు ఎక్కడో వంకరపోయింది, ఎక్కడో నాకు కనబడలేదు. రెండూ చుట్టి పీలికల మూటలో అడుక్కి తోసి వచ్చాను.

సోమవారం ఆమె ఆ మూట విప్పింది. ముక్కలు చేతిలోకి తీసుకోవడం చూశాను. నా వైపు తిరిగినట్టుంది, ముఖం సరిగా ఆనలేదు. మిగతా పీలికలతో పాటు వాటిని మడిచి పక్కన పెట్టి, "అక్కా, పది గంటలకు కొలతలకొస్తమన్నరు, టేపు దగ్గర పెట్టుకో," అంది.

టేపు తీసి మెడలో వేసుకున్నాను.